వ్యాపార ప్రణాళికల పోటీలో మన పిల్లలు

(రాజమహేంద్రవరంలో ముస్లిం విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్వవిద్యాలయాలు, ఇంజనీరింగు కళాశాలలు విద్యార్థుల కోసం నిర్వహించే వ్యాపార ప్రణాళికల పోటీల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. నేను వ్యాపారిని కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా దస్త్రాల మధ్య బతికినవాణ్ణి. అయితే ఈ పోటీలో గెలుపోటములను చాలావరకు నిర్ణయించేది కాగితమే. ఏ కాగితం ఎందుకు ముందుకు కదులుతుందో, ఏది ఎందుకు బల్ల మీదనే ఆగిపోతుందో చెప్పగల అనుభవం నాకుంది.

మొదట మన స్థితిని చూద్దాం. 2006 నవంబరులో సమర్పించిన సచార్ కమిటీ నివేదిక ఒక సంగతి చెప్పింది. పనిచేస్తున్న ముస్లింలలో దాదాపు 61 శాతం మంది స్వయం ఉపాధి మీద ఆధారపడుతుంటే, హిందువులలో అది 55 శాతం. ముస్లిం స్త్రీలలో ఈ వాటా 73 శాతం. అంటే జీతం ఇచ్చే యజమాని లేక, తన చేతిపనినీ తన చిన్న దుకాణాన్నీ నమ్ముకున్నవారు మనలోనే ఎక్కువ. పరుపులు కుట్టేవారు, ద్విచక్ర వాహనాలు బాగుచేసేవారు, పాత ఇనుము కొనేవారు, పండ్ల బండివారు, దర్జీలు అందరూ ఈ లెక్కలోనివారే. రావులపాలెం అరటి మార్కెట్టులోనూ, అంబాజీపేట కొబ్బరి వ్యాపారంలోనూ తిరిగే చిన్న దళారులను కూడా ఇందులో కలుపుకోండి. వ్యాపారం మనకు కొత్త కాదు. మన వ్యాపారం కాగితం మీదికి రాలేదు, అంతే. కాగితం మీద లేనిదానికి బ్యాంకు అప్పివ్వదు, భాగస్వామి రాడు, కొడుకు చేతికి వచ్చేసరికి ఖాతా పుస్తకమూ మిగలదు.

ఇక పోటీ విషయం. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో 1984లో మొదలైన మూట్ కార్ప్ పోటీ ఈ తరహాలో తొలివాటిలో ఒకటి. మన దేశంలో బొంబాయి ఐఐటీ విద్యార్థులు నడిపే యురేకా పోటీ పేరు కళాశాల విద్యార్థులకు తెలిసే ఉంటుంది. 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది. దాని ప్రాంతీయ కేంద్రాలలో ఒకటి మన రాజమహేంద్రవరానికే వచ్చింది. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం మన పక్కనే ఉంది, కాకినాడలో జేఎన్‌టీయూ ఉంది, తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది. గోదావరికి రెండు వైపులా ఇన్ని విద్యాసంస్థలు ఉండగా మన పిల్లలకు ఈ పోటీల కబురు స్నేహితుల వాట్సాప్ ద్వారా, అదీ గడువు ముగిసిన మరునాడు చేరడం ఏమిటి?

పోటీల తీరు దాదాపు ఒకటే. ముగ్గురు నుంచి ఐదుగురు కలిసి జట్టు కడతారు. మొదటి విడతలో రెండు మూడు పేజీల సంగ్రహం పంపాలి. దాన్ని మెచ్చితే పూర్తి ప్రణాళిక అడుగుతారు. చివరి విడతలో న్యాయనిర్ణేతల ఎదుట ఐదు నుంచి పది నిమిషాలు మాట్లాడాలి, ఆ తరువాత వారి ప్రశ్నలకు బదులు చెప్పాలి. గట్టి జట్లు కూడా తడబడేది ఆ ప్రశ్నల దగ్గరే.

కిందటేడు మా పేటలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఇటువంటి పోటీకి వెళ్లింది. వాళ్లమ్మ పాఠశాల యూనిఫారాలు కుడుతుంది. ఆ పనినే పెద్దది చేయాలని ప్రణాళిక రాసుకుంది. ఖర్చులన్నీ వేసింది, లాభం బాగా కనిపించింది. న్యాయనిర్ణేత ఒకే ప్రశ్న వేశారట: "ఇందులో మీ అమ్మగారి కూలి ఎక్కడుందమ్మా?" అమ్మాయి దగ్గర జవాబు లేదు. ఇంటి మనిషి చేసే పనికి విలువ కట్టడం మనకు అలవాటు లేదు. తండ్రి పొద్దున్నే దుకాణం తెరవడం, తల్లి అర్ధరాత్రి దాకా మిషను తొక్కడం మన లెక్కల్లోకి ఎక్కవు. ఆ కూలి కలిపితే మన లాభాలు చాలావరకు కరిగిపోతాయి. చేదుగా ఉన్నా ఈ నిజాన్ని ముందుగా మన ఇంట్లోనే తెలుసుకోవడం మంచిది.

ఆ అమ్మాయి లెక్కనే నమూనాగా తీసుకుందాం. అంకెలు నేను ఉదాహరణకు వేసినవి, విద్యార్థులు రాసుకోండి. ఒక జత యూనిఫారానికి గుడ్డ, దారం, బొత్తాలు కలిపి 450 రూపాయలు. కుట్టుకూలి, తల్లి కూలితో సహా, 200. మొత్తం 650. అమ్మకం ధర 800. జతకు 150 మిగులుతుంది. మూడు వందల జతలకు 45,000 రూపాయల లాభం. ఇక్కడితో ఆపేస్తే అందంగానే ఉంటుంది. కాని గుడ్డ మే నెలలో కొనాలి, కూలి వారం వారం ఇవ్వాలి, పాఠశాల సొమ్ము సెప్టెంబరులో గాని రాదు. అంటే 1,95,000 రూపాయలు నాలుగు నెలలు చేతిలోంచి పెట్టి కూర్చోవాలి. అది లేక వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లారనుకుందాం. నూటికి రెండు రూపాయల చొప్పున అయినా నాలుగు నెలలకు 15,600 పోతాయి. అయిదు రూపాయల వడ్డీ అయితే 39,000 పోతాయి, ఇంటికి మిగిలేది 6,000. నాలుగు నెలలు మూడు వందల జతలు కుట్టి ఆరు వేలు! మన వీధుల్లో ఎందరి కథ ఇదే!

లాభం వేరు, చేతిలో ఉండే డబ్బు వేరు. ఈ తేడా చూపించగల విద్యార్థిని న్యాయనిర్ణేతలు శ్రద్ధగా వింటారు. మరి పరిష్కారం? ఆర్డరు తీసుకునేటప్పుడే సగం సొమ్ము అడగడం. మూడు వందల జతలకు సగం ముందుగా వస్తే 1,20,000. అప్పుడు మనం సమకూర్చుకోవలసింది 75,000 మాత్రమే. తయారు చేయించుకునే వస్తువుకు ముందుగా సొమ్ము తీసుకోవడం మన ఫిఖ్హ్‌లో ఇస్తిస్నా పేరుతో ఉన్నదే. పాఠశాలవారు ఎందుకు ఒప్పుకుంటారు అని అడుగుతారు. ముందుగా ఇచ్చినవారికి జతకు పాతిక రూపాయలు తగ్గించండి. మూడు వందల జతలకు 7,500. వడ్డీ వ్యాపారికి ఇచ్చేదానికంటే తక్కువే.

వడ్డీ మాట వచ్చింది కనుక మరికొంత చెప్పాలి. ప్రణాళికలో పెట్టుబడి ఎక్కడినుంచి తెస్తారు అనే భాగం రాగానే మన పిల్లలు కొందరు కలం ఆపేస్తారు. బ్యాంకు అప్పు రాస్తే ఇంట్లో ఒప్పుకోరు, రాయకపోతే ప్రణాళిక నిలవదు అనుకుంటారు. పోటీ బహుమతి అప్పు కాదు. 2021లో కేంద్రం ప్రారంభించిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకంలో నమూనా తయారీకి 20 లక్షల వరకు గ్రాంటుగా ఇచ్చే ఏర్పాటు చేశారు. గ్రాంటు తిరిగి కట్టేది కాదు. పెట్టుబడిదారు వాటా తీసుకుని లాభనష్టాలు పంచుకోవడం మన ముషారకాకు దగ్గరగా ఉండే పద్ధతి. ఒకరిది సొమ్ము, ఒకరిది శ్రమ అయినప్పుడు ముదారబా ఉంది. ఒప్పందంలోని షరతులు ఉలమాలకు చూపించి అడగండి. "మేము వడ్డీ లేకుండా ఇలా నడుపుతాం" అని ప్రణాళికలో ధైర్యంగా రాయండి. లెక్క గట్టిగా ఉంటే ఏ న్యాయనిర్ణేతా దాన్ని తప్పుపట్టడు.

తల్లిదండ్రులతో ఒక మాట. అమ్మాయిల జట్టు ఫైనలుకు ఎంపికై, ఊరు దాటి వెళ్లవలసి వచ్చేసరికి ఆగిపోయిన సందర్భాలు నాకు తెలుసు. మీ భయం నాకు అర్థమవుతుంది. దానికి దారి ఉంది. నిర్వాహకులకు ముందుగానే ఉత్తరం రాసి, తోడు వచ్చే తల్లికో అన్నకో వసతి అడగండి, అధ్యాపకురాలిని వెంట పంపమని కళాశాలను కోరండి. మక్కాలో వ్యాపారం నడిపి, తన సరుకుతో షామ్ దేశానికి మనుషులను పంపిన ఖదీజా (రజి) గురించి మనం ప్రతి మజ్లిసులో గర్వంగా చెప్పుకుంటాం కదా. కూతురు తన లెక్క తాను నలుగురి ముందు చెప్పుకోవడానికి కాకినాడ వెళతానంటే వద్దనడం ఎలా?

రెండో ప్రపంచం కూడా చూడండి. హల్ట్ ప్రైజ్ అనే అంతర్జాతీయ విద్యార్థి పోటీని మొదలుపెట్టినవాడు అహ్మద్ అష్కర్, పాలస్తీనా మూలాలున్న అమెరికన్. 2017లో ఆ పది లక్షల డాలర్ల బహుమతి అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన నలుగురు ముస్లిం విద్యార్థుల జట్టుకు వచ్చింది, అందులో ఇద్దరు అమ్మాయిలు. వాళ్ల ఆలోచన ఏమిటి? కరాచీలోని ఒరంగీ టౌన్‌లో పేదలు పనులకు వెళ్లడానికి చవకగా, భద్రంగా రిక్షా ప్రయాణం ఏర్పాటు చేయడం. కొత్త యంత్రమేమీ కనిపెట్టలేదు. రోజూ కళ్లముందున్న ఇబ్బందిని పట్టుకున్నారు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన పిల్లల ప్రణాళికలు చదివితే పదింట ఎనిమిది ఏదో ఒక మొబైల్ యాప్ గురించే. అందులోనూ సగం ఎక్కడినుంచో ఎత్తి రాసినవి. చెరువుల మధ్య పుట్టిన భీమవరం కుర్రవాడు బెంగళూరు ట్రాఫిక్‌కు పరిష్కారం రాయడం నాకు వింతగా ఉంటుంది. మీ నాన్న పాత ఇనుము కొంటాడా? ఏ సరుకు ఏ నెలలో ఏ ధర పలికిందో ఆరు నెలలు రాసి చూడు. మీ మామయ్య రొయ్యల చెరువుకు ఐసు తోలుతాడా? దారిలో ఎంత కరిగి నష్టమవుతోందో తూచి చూడు. ఆ లెక్క ఇంకెవరి దగ్గరా దొరకదు. న్యాయనిర్ణేతకు తెలియనిది, నీకు తెలిసినది అదొక్కటే.

కొన్ని జాగ్రత్తలు. నియమావళి పూర్తిగా చదవండి. మీరు పంపిన ఆలోచన ఎవరి సొత్తు అవుతుందో అందులో ఉంటుంది. వేలకు వేలు రుసుము అడిగే పోటీల జోలికి పోవద్దు. చిన్న వ్యాపారమైనా ఉద్యమ్ నమోదు చేయించుకోండి, 2020 జూలై నుంచి అమలులో ఉన్న ఆ నమోదు ఉచితం. దానికి దళారులకు డబ్బులివ్వనక్కరలేదు.

చివరగా హక్కు విషయం. ప్రభుత్వ విశ్వవిద్యాలయం నిర్వహించే పోటీ ప్రజల సొమ్ముతో జరిగేది. దాని ప్రకటన మైనారిటీ వసతి గృహాలకూ, చిన్న ఊళ్ల డిగ్రీ కళాశాలలకూ సకాలంలో చేరాలని కోరడం దయ అడగడం కాదు. ఎన్ని కళాశాలలకు ప్రకటన పంపారు, ఎన్ని జట్లు వచ్చాయి, అందులో విద్యార్థినులు ఎందరు, ప్రాథమిక వడపోతకు ఏ కొలమానాలు వాడారు అని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ముప్పై రోజులలో జవాబు ఇవ్వాలి. దరఖాస్తు మర్యాదగా, ఒక్క పేజీలో ఉండాలి. ఆరోపణలు రాయవద్దు, ప్రశ్నలే రాయండి. కార్యాలయంలో ఆవేశపు ఉత్తరాన్ని పక్కన పెట్టడం తేలిక, వరుస సంఖ్యలు వేసిన నాలుగు ప్రశ్నలను పక్కన పెట్టడం కష్టం. ఇది నా ఉద్యోగ జీవితం నేర్పినది.

ఆసక్తి ఉన్న జట్లు ప్రతి ఆదివారం అసర్ నమాజు తరువాత ఇదే హాలుకు రావచ్చు. తీర్చిదిద్దిన ప్రణాళిక అవసరం లేదు. ఇంట్లోని ఖాతా పుస్తకం, పాత బిల్లులు ఉంటే తెచ్చుకోండి. బిల్లులు లేకపోతే అమ్మనో నాన్ననో వెంటబెట్టుకు రండి, అడిగి రాసుకుందాం.