డిసెంబరు సెలవులకి ఊళ్ళు చూడబోయే ముందు

పోయిన ఆదివారం క్యాంపులో నేను మాట్లాడిన మాటలే ఇవి. ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ళు అడిగారని రాసి గ్రూపులో పెడుతున్నాను.

రోజూ పొద్దున్న టూల్‌బాక్స్ టాక్‌లో హెల్మెట్ గురించి, బెల్టు గురించి చెప్తుంటాను. ఇది గేటు బయట సంగతి. డిసెంబరు మధ్య నుంచి జనవరి మొదట్లో దాకా సౌతాఫ్రికాలో బిల్డింగు పనులు చాలావరకు మూసేస్తారు. బిల్డర్స్ హాలిడే అంటారు దీన్ని. డర్బన్ సముద్రం, కేప్‌టౌన్ టేబుల్ మౌంటెన్ చూడాలని మనలో చాలామంది బయల్దేరుతున్నారు. వెళ్ళండి. ఇంత దూరం వచ్చి క్యాంపు గోడలే చూసి పోతే ఏం బాగుంటుంది? కానీ ఈ నెలలో మన చేతిలో డబ్బులుంటాయని దొంగకీ తెలుసు.

పోలీసు లెక్కల ప్రకారం 2023-24లో ఈ దేశంలో 27 వేలకు పైగా హత్యలు జరిగాయి. భయపెట్టడానికి చెప్పట్లేదు. ఇక్కడ దొంగ దగ్గర కత్తో తుపాకో ఉంటుందనే లెక్కతో నడుచుకోమంటున్నాను.

అందుకే అన్నిటికంటే పెద్ద మాట: అడిగితే ఇచ్చెయ్యండి. పక్క సైటులో రాడ్ బెండింగ్ చేసే తమ్ముడొకడు ఫోను లాక్కుంటుంటే వదల్లేదు, అందులో కూతురి ఫొటోలున్నాయని. అరచేతి మీద కత్తి పడింది. ఫోను ఎలాగూ పోయింది. ఇప్పుడు రెండు వేళ్ళు ముడుచుకోవట్లేదు, బైండింగ్ వైరు పట్టుకోలేడు. మనం అప్పు చేసి వచ్చినవాళ్ళం. ఆ అప్పు తీర్చేది ఈ చేతులే గాని ఫోను కాదు. ఫొటోలు ఇవాళే ఇంట్లోవాళ్ళకి పంపించెయ్యండి, ఫోను మీద మమకారం తగ్గుతుంది.

దొంగ ఎదురైతే తిరగబడొద్దు, మొహంలోకి గుచ్చి చూడొద్దు. చేతులు కనబడేలా పెట్టండి. జేబులో చెయ్యి పెట్టేముందు పర్సు తీస్తున్నానని చెప్పి తియ్యండి. లేకపోతే వాడు మీరు ఆయుధం తీస్తున్నారనుకుంటాడు.

ఇక, పోయేది తక్కువ ఉండేట్టు ముందే చూసుకోవాలి.

జీతం వచ్చిన వెంటనే ఇంటికి పంపించేసి, ఖర్చుకి సరిపడా ఉంచుకోండి. అది కూడా ఒకేచోట వద్దు. పర్సులో కొంచెం, లోపలి జేబులో కొంచెం, రూములో కొంచెం. బ్యాంకు యాప్‌లో రోజువారీ లిమిట్ తగ్గించండి. మనిషిని పట్టుకుని బెదిరించి, యాప్‌లోంచే డబ్బు వేయించుకునే ముఠాలున్నాయి.

పాస్‌పోర్టు, వీసా పేజీల జిరాక్సు తీసి, అసలుతో పాటు పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్తే నిజమైన నకలని స్టాంపు వేసిస్తారు. డబ్బులు తీసుకోరు. ఊరు తిరిగేటప్పుడు ఆ కాపీ పెట్టుకోండి, అసలుది రూములో తాళం వేసి ఉంచండి. ఫోనులో *#06# కొట్టి వచ్చే నంబరు, బ్యాంకు నంబరు, ఇంటి నంబరు కాగితం మీద రాసుకోండి. ఫోను పోయినరోజు అన్నీ దాంతోనే పోతాయి.

జొహన్నెస్‌బర్గ్ పార్క్ స్టేషన్‌లో బస్సు ఎక్కేవాళ్ళు స్టేషన్ బయట వీధుల్లో తిరగొద్దు. చీకట్లో దిగితే తెల్లారేదాకా లోపలే కూచోండి. బోల్ట్, ఊబర్ ఎక్కేముందు నంబరు ప్లేటు సరిచూసుకోండి. కార్లో వెళ్తుంటే రోబోట్ దగ్గర, అదే సిగ్నల్ దగ్గర, అద్దాలెత్తి ఫోను కిందపెట్టండి. అద్దం పగలగొట్టి లాక్కుపోవడం క్షణాల పని.

ఏటీఎం దగ్గర సాయం చేస్తానని వచ్చినవాడిని నమ్మొద్దు. కార్డు మార్చేస్తాడు. రోడ్డు మీద ఏటీఎం కంటే మాల్ లోపలిది నయం. సివిల్ డ్రెస్సులో పోలీసునంటే ముందు కార్డు చూపించమని మర్యాదగా అడగండి.

డర్బన్ బీచి పగలు చూడండి. అందరూ ఒకేసారి నీళ్ళలోకి దిగొద్దు, ఒకడు సామాన్ల దగ్గర ఉండాలి. టేబుల్ మౌంటెన్‌కి కేబుల్ కారులో వెళ్ళండి. నడిచే దారుల్లో ఒంటరిగా వెళ్ళినవాళ్ళని దోచుకున్న సంగతులు చాలా ఉన్నాయి.

ఇంకో మాట. ఇవన్నీ విని ఇక్కడి మనుషులందర్నీ అనుమానంగా చూడొద్దు. మనతో పనిచేసే జులూ, సోతో తమ్ముళ్ళు కూడా జీతం రోజు భయపడుతూనే ఇంటికి పోతారు. ఏ వీధి మంచిదో, ఏది కాదో వాళ్ళనే అడగండి.

ఏదైనా జరిగితే పోలీసుకి 10111, అంబులెన్సుకి 10177. సెల్లు నుంచి 112 కొట్టినా పలుకుతారు. స్టేషన్లో కేసు నంబరు తప్పకుండా తీసుకోండి. పాస్‌పోర్టు పోతే ఆ కాగితంతోనే మన కాన్సులేట్‌కి వెళ్ళాలి. జొహన్నెస్‌బర్గ్, డర్బన్, కేప్‌టౌన్‌లో ఉన్నాయి. ప్రిటోరియాలో హైకమిషన్ ఉంది. కాగితాలు పోయాయనో, సూపర్‌వైజరు తిడతాడనో దాచిపెట్టొద్దు. ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యండి.

ఒంటరిగా ఎవరూ వెళ్ళొద్దు. ఎవరెవరు ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడొస్తారో గ్రూపులో పెట్టండి. జనవరిలో సైటు తెరిచిన రోజు గేటు దగ్గర పేర్లు పిలుస్తాను. అందరూ పలకాలి.