‘బస్సు ఉంది’ అంటే ఎవరికి?: నందిని ఊరి పట్టికను చదవడం



నా పరిశోధన జనాభా లెక్కల మీద. ఈ రోజు ఒక ఊరి పట్టికను ఎలా చదవాలో మాట్లాడతాను. ఊరు నందిని. ఛత్తీస్‌గఢ్, దుర్గ్ జిల్లా, భిలాయి ఉక్కు నగరానికి 20 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. భిలాయి మనకు కొత్త పేరు కాదు, కొలువులకు వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది. నందిని పేరు విన్నవాళ్లు తక్కువ. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఆ కర్మాగారానికి ఇనుప ఖనిజం దల్లి-రాజహరా నుంచి వస్తే, సున్నపురాయి నందిని గనుల నుంచి వెళ్లింది. కర్మాగారానికి చెందిన విమానాల రన్‌వే కూడా నందిని దగ్గరే ఉంది. పక్కనున్న అహివారా శాసనసభ స్థానం ఎస్సీ రిజర్వుడు. గురు ఘాసీదాస్ బోధను అనుసరించే సత్నామీలు ఎక్కువగా ఉన్న ప్రాంతం ఇది.

2011 లెక్కల్లో ఏ ఊరికైనా రవాణా వివరాలు ఇలా ఉంటాయి: ప్రభుత్వ బస్సు, ప్రైవేటు బస్సు, ఆటో, రైల్వే స్టేషన్. ఉంటే ‘ఉంది’ అని రాస్తారు. లేకపోతే అది 5 కిలోమీటర్లలోపా, 5 నుంచి 10 మధ్యా, 10 దాటా అన్నది ఒక అక్షరంతో చెబుతారు. జనాభా పట్టికలో ఊరి ఎస్సీల సంఖ్య విడిగా దొరుకుతుంది. దూరం మాత్రం రెవెన్యూ గ్రామం మొత్తానికి ఒక్కటే. బస్సు ఊరి నడిబొడ్డున ఆగినా వాడ చివర ఆగినా గడిలో పడేది ఒకే మాట.

ఈ ‘ఉంది’ ఎంత పలుచనిదో బాబాసాహెబ్ జీవితంలోనే చూడొచ్చు. 1901లో సతారా నుంచి తండ్రి దగ్గరికి బయల్దేరిన పిల్లలు మసూర్ స్టేషన్‌లో దిగారు. స్టేషన్ ఉంది, ఎడ్లబండ్లూ ఉన్నాయి. మహర్లని తెలిశాక బండి తోలడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి రెట్టింపు బాడుగ ఇచ్చి, పగ్గాలు పిల్లలే పట్టుకోవలసి వచ్చింది. 1929లో చాలీస్‌గావ్‌లోనూ అంతే. అప్పటికి ఆయన విదేశాల్లో చదివొచ్చిన న్యాయవాది. టాంగావాలాలు ఆయనను ఎక్కించుకుని తోలమన్నారు. అలవాటు లేని మనిషి తోలితే ప్రమాదం జరిగి ఆయన కాలు విరిగింది. మన పట్టిక ప్రకారమైతే ఈ రెండు చోట్లా రవాణా ‘ఉంది’.

ఇక పనికి వెళ్లే దూరం. 2011లో దీనికి వేరే పట్టికే ఇచ్చారు: నడకా, సైకిలా, బస్సా, ఎన్ని కిలోమీటర్లు. అయితే అది ‘ఇతర పనివారి’కే. రైతుల్నీ, వ్యవసాయ కూలీలనీ, ఇంటి పరిశ్రమల వాళ్లనీ అందులో కలపలేదు. నాట్లకు పక్క ఊరికి నడిచే కూలీ ఆడమనిషి దారి ఆ లెక్కలోకే రాదు. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే. ఎవరి నడక పొడవో వాళ్లనే వదిలేసి సగటు తీస్తే ఆ సగటు ఎవరిది?

భూమి విషయం కూడా ఇలాగే నడిచింది. కర్మాగారం వచ్చిన రోజుల్లో అమలులో ఉన్నది 1894 భూసేకరణ చట్టం. భూమిలో హక్కు చూపించగలిగిన వాళ్లకే పరిహారం. ఆ భూమి మీద కూలి చేసి బతికినవాళ్లను ప్రభావిత కుటుంబాలుగా గుర్తించడానికి 2013 చట్టం దాకా ఆగాలి.

1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్, ముసాయిదా గ్రామాన్ని కాకుండా వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషం వెలిబుచ్చారు. మన ఊరి పట్టిక ఇంకా గ్రామం దగ్గరే ఆగింది.

2011 తర్వాత లెక్కలు జరగలేదు. రాబోయే వాటికి 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ, కులగణన కూడా ఉంటుందని ప్రకటించారు. కులం లెక్కించడం ఒక్కటే చాలదని నా అభిప్రాయం. కులాన్నీ, వాడనీ, దూరాన్నీ కలిపి చూడగలిగే పట్టికలు అడగాలి. ఈలోగా క్షేత్రానికి వెళ్లే మనం నాలుగు ప్రశ్నలు చేర్చుకోవచ్చు: ఏ వాడ నుంచి బయల్దేరారు, ఎన్ని గంటలకు, దేని మీద ఎక్కారు, రాత్రి తిరుగు ప్రయాణం దేని మీద. నా ప్రశ్నావళి తెలుగులో, హిందీలో సిద్ధంగా ఉంది. కావలసినవాళ్లు సభ అయ్యాక తీసుకోండి, మార్పులుంటే చెప్పండి.