లోయరింగ్ స్ప్రింగ్స్ వేస్తే కంఫర్ట్ ఉంటదా?

"అన్నా, స్విఫ్ట్‌ని కిందికి దించుతా, కానీ కంఫర్ట్ పోవద్దు" అని చాలామంది అడుగుతున్నారు. ముందు లెక్క చూద్దాం. ఇప్పటి స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మి.మీ. 40 దించితే మిగిలేది 123. రూల్ ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తే 100. నలుగురు ఎక్కితే ఇంకేం మిగుల్తది? మన కాలనీల్లో రూల్ చూసి వేసేదెవరు చెప్పండి!

బరువు మోసేది స్ప్రింగ్, ఊగుడు ఆపేది షాక్ అబ్జార్బర్. కారు దిగితే స్ప్రింగ్ కదలడానికి చోటు తగ్గుతుంది, అందుకే లోయరింగ్ స్ప్రింగ్‌ని గట్టిగా చేస్తారు. కంపెనీ షాక్ మాత్రం పాత మెత్తటి స్ప్రింగ్‌కే సెట్ అయ్యుంటది. గట్టిదాన్ని అది పట్టి ఆపలేదు. గుంత దాటినా కారు ఎగురుతూనే ఉంటది, బంప్ స్టాప్‌కి తగిలి "ధడ్" మంటది. అరిగిన షాక్ అయితే ఇంక చెప్పక్కర్లేదు.

కాబట్టి స్ప్రింగ్ ఒక్కటే కొనకండి. షాక్‌తో మ్యాచ్ చేసిన కిట్ చూడండి, 25 మి.మీ. దాటకండి, వేయించాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. "స్ప్రింగ్ కట్ చేసిస్తా" అనే మెకానిక్ దగ్గర బండి ఆపనే వద్దు. ఇంకోటి, కంపెనీ స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్టీఓ దగ్గర ముందే కనుక్కోండి.

కంఫర్ట్ ఒక్కటే కావాలా? అరిగిన షాక్‌లు తీసేసి కంపెనీవే కొత్తవి వేయించండి, ఎత్తు ముట్టుకోకండి. నేనైతే అదే చేస్తా.