పళ్లెములోని పులస, ఏటిలోని పులస
(సాంస్కృతిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత గోదావరీ తీరమున పుట్టినది. ఉద్యోగరీత్యా ఢిల్లీ చేరిన తెలుగు కుటుంబములు పుస్తెల జోలికి పోకున్నను, వర్షాకాలము వచ్చినంతనే చిత్తరంజన్ పార్కు చేపల బజారునకు పోయి, వంగ సోదరుల సరసన నిలిచి బేరమాడుట కద్దు. ఆంధ్రుల పులసయు, వంగీయుల ఇలిషును ఒకే జాతి మత్స్యము. కావున దాని క్షేమము ఒక జిల్లాకు గాని, ఒక రాష్ట్రమునకు గాని సంబంధించిన విషయము కాదు.

సముద్రములో నున్నంత కాలము దీనిని విలస యందురు. గోదావరి వరదనీరు ఎర్రగా సముద్రమున కలియు దినములలో, గ్రుడ్లు పెట్టుటకై ఏటికి ఎదురీదును. అప్పుడది పులస యగును. ఆ ప్రయాణమునకై ఒడలిలో కొవ్వును నిలువ చేసికొని వచ్చును. దాని రుచికి మూలము ఆ కొవ్వే. గుండెకు మేలు చేయునవియు, శిశువుల మెదడు పెరుగుదలకు తోడ్పడునవియు నగు ఒమేగా-3 కొవ్వు ఆమ్లములును అందులోనే యున్నవి. నాలుక కోరునదియు, దేహము కోరునదియు ఇచట ఒక్కటే. చిక్కెల్ల ఏరు కోరుదానితో వచ్చినది. జనతో నిండిన పులసకు బజారులో వెల హెచ్చు. ఒక్క ఆడ చేప కడుపులో లక్షల గ్రుడ్లుండును. అవి ఏటిలో పడకమునుపే తల్లి వలలో పడినచో, రాబోవు సంవత్సరముల పంట ఒక పూట కూరతో ముగియును.

ఈ చేప దారి ఇప్పటికే కురచయైనది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్టను పూర్తి చేసెను. డెల్టాకు అన్నము పెట్టిన ఆ కట్టడమును నిందించుట కృతఘ్నత. కాని పులస ఎగువకు పోవు బాట అచటనే ఆగినదనుట సత్యము. గంగలోను అట్లే జరిగినది. 1975లో ఫరక్కా బ్యారేజి పనిచేయ నారంభించుటకు పూర్వము ఇలిషు ప్రయాగ వరకు ఈదివచ్చెడిది. బాట కురచయైన కొలది చేపలన్నియు కొద్దిపాటి నీటిలో గుమిగూడును. వలకు చిక్కుట సులభమగును.

చట్టము కాపాడదా యని కొందరడుగవచ్చును. తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవలతో సముద్రమున వేట నిషిద్ధము. అనేక జాతుల చేపలకు అది మేలు. కాని పులస ఏటిలోనికి వచ్చునది ఆ గడువు తీరిన పిమ్మటనే. చట్టము విడిచిన ఆ దినములలో చేపను కాపాడవలసినవాడు కొనువాడే.

కట్టుబాటు ఫలించునా యను సందేహమునకు బంగ్లాదేశ్ సమాధానము చెప్పినది. ఆ దేశమున ఇలిషు పిల్లలను పట్టుటను నిర్ణీత మాసములలో నిషేధించిరి. గ్రుడ్లు పెట్టు అక్టోబరు దినములలో 22 రోజులు వేటను పూర్తిగా మాన్పించిరి. కేవలము ఆంక్షలతో ఊరకొనక, జాలరి కుటుంబములకు బియ్యమిచ్చిరి. 2002-03లో సుమారు 2 లక్షల టన్నులుగా నున్న దిగుబడి 2017-18 నాటికి 5 లక్షల టన్నులు దాటినది. ఇటీవల మరల కొంత తగ్గుట చూడగా, ఈ జాగ్రత్త ఒకసారి చేసి మరచునది కాదని తేలుచున్నది. జాలరి కడుపు నింపని కట్టుబాటు నిలువదనుటయు ఆ యనుభవమే నేర్పినది.

ఇక గృహస్థు చేయదగినదేమి? మొదటిది, కొలత. పశ్చిమ బెంగాలులో 23 సెంటీమీటర్లకు తక్కువైన ఇలిషు అమ్మరాదు. అది సరిగా జానెడు. జానెడు లేని చేపను బుట్టలోనే విడిచిపెట్టవలెను. రెండవది, జనపై మోజు తగ్గించుకొనుట. మూడవది, పులసను నిత్యాహారముగాక పండుగ వంటగా నెంచుట.

అట్లైన తక్కిన దినములలో ఏమి తినవలెను? ఐ.ఎన్.ఎ. మార్కెట్టులో కేరళ సోదరులు మత్తి యనియు, అయల యనియు కొను చేపలే కోస్తాంధ్రమున కవళ్లు, కానాగంతలు. పులసలోని మంచి కొవ్వు వీనిలోను కలదు; వెల స్వల్పము. నెత్తళ్లను ముల్లుతో తినినచో సున్నము కూడ లభించును. ఈ చిన్న చేపలు త్వరగా పెరిగి, త్వరగా పిల్లలనిచ్చును. అయినను వీనిలోను మరీ లేతవానిని కొనరాదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఆయా జాతులకు కనీసపు కొలతలను సూచించినది. కేరళ ప్రభుత్వము 2015లో అట్టి కొలతలను చట్టముగా చేసినది.

బాలింతకు పాలు పడునని సొర వండిపెట్టుట కోస్తా యిండ్లలో ఆచారము. కోడలిపై అత్తగారికి గల ప్రేమయే ఆ వంట. కాని సొర ఇతర చేపలను తిని బ్రతుకునది. వానిలోని పాదరసమెల్ల దాని మాంసమున చేరును. అందుచే గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు సొరను మానవలెనని ఆరోగ్య శాస్త్రజ్ఞుల సలహా. పైగా సొర ఆలస్యముగా ఎదిగి, కొద్ది పిల్లలనే యిచ్చును. తల్లికి కీడు, సముద్రమునకు లోటు. ఆ ప్రేమను అత్తగారు కవళ్ల పులుసుతో చూపవచ్చును. బాలింతకు బలమును, బిడ్డకు మేలును కలుగును.

చేప కొనునప్పుడు మూడు ప్రశ్నలు చాలును: ఇది ఎదిగినదా? ఇది గ్రుడ్లు పెట్టు కాలమా? ఇది చిన్న చేపయా, చిన్న చేపలను మ్రింగు పెద్ద చేపయా? పది గృహములవారు అడిగినచో అమ్మువాడు జవాబు సిద్ధము చేసికొనును. నూరు గృహములవారు అడిగినచో సరకు మార్చును. ఢిల్లీలో పుట్టి పెరుగుచున్న తెలుగు పిల్లలు పెద్దవారై గోదావరి చూడ పోయిననాడు, సామెతతో పాటు పులసయు అచట మిగిలియుండవలెను.