వెనక కూర్చునేది మనం



ఈ రోజు మనం మోటారు సైకిలు షాకబ్జరు గురించి మాట్లాడుకుందాం. "ఏటమ్మా, అది మగవాళ్ల పని కదా, మనకెందుకు?" అని మీరు అడగొచ్చు. మన విశాఖలో బండి నడిపే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. నడపనివాళ్లు వెనక కూర్చుంటారు. ఒళ్లో బిడ్డ ఉంటుంది. చేతిలో సంచి ఉంటుంది. బండి గోతిలో పడితే ఆ దెబ్బ వెనక ఉన్నవాళ్ల నడుముకే గట్టిగా తగులుతుంది. అందుకే ఇది మన పని కూడా.

మన ఊళ్లో 1933లో ఓడరేవు మొదలైంది. 1992లో ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. మనలో చాలా ఇళ్లకు కూడు పెట్టేది ఈ రెండే. వీటి కోసం బరువు లారీలు తిరుగుతాయి. బరువుకు రోడ్డు నలుగుతుంది. వాన పడితే గోతులు తేలతాయి. గాజువాక నుంచి మల్కాపురం మీదుగా బండి మీద వెళ్లినవాళ్లకు ఆ సంగతి చెప్పక్కర్లేదు.

ఆ కుదుపును ఆపేది షాకబ్జరు. చాలా మోటారు సైకిళ్లకు వెనక చక్రానికి అటొకటి, ఇటొకటి ఉంటాయి. ఒక్కోదాంట్లో రెండు భాగాలు. పైకి కనబడేది స్ప్రింగు. అది బరువు మోస్తుంది. లోపల ఒక గొట్టం, అందులో నూనె ఉంటాయి. ఆ నూనె ఊపును ఆపుతుంది.

ఎలా ఆపుతుంది? గరిటె నీళ్లలో తేలిగ్గా తిరుగుతుంది. చిక్కటి అంబలిలో తిప్పితే చెయ్యి లాగుతుంది. షాకబ్జరు లోపల కూడా అంతే. ఒక బిళ్ల నూనెలో కిందికీ పైకీ కదులుతుంది. బిళ్లకు సన్నని దారులుంటాయి. వాటిలోంచి నూనె మెల్లగా దూరుతుంది. అందుకే స్ప్రింగు ఒక్కసారిగా ఎగరలేదు.

నూనె కారిపోతే స్ప్రింగు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు బండి బంతిలా ఎగురుతుంది. నడుం నొప్పి ఒక్కటే కాదు, ఇంకో ప్రమాదం ఉంది. చక్రం నేలను అంటి ఉంటేనే బ్రేకు పడుతుంది. గాలిలో ఎగిరే చక్రానికి బ్రేకు వేసి ఏం లాభం? తడి రోడ్డు మీద బండి జారుతుంది.

మా తరగతికి వచ్చే ఒక అక్క చీర అంచుకు రోజూ నల్లటి జిడ్డు మరక అయ్యేది. సబ్బుకు పోయేది కాదు. గొలుసు జిడ్డు అనుకుంది. ఒక రోజు షాకబ్జరు గొట్టాన్ని పాత గుడ్డతో శుభ్రంగా తుడిచింది. మర్నాడు సాయంత్రం చూస్తే గొట్టం మళ్లీ తడిగా ఉంది. నూనెను ఆపే రబ్బరు సీలు పోయిందని అప్పుడు తెలిసింది. ఆ ఇంట్లో బండి నడిపే ఆయనకు అది తెలియలేదు. చీర కట్టుకుని వెనక కూర్చున్న ఆమెకు తెలిసింది.

మీరు కూడా చూడొచ్చు. బండిని స్టాండు తీసి నిలబెట్టండి. ఒకరు ముందు పట్టుకోవాలి. ఇంకొకరు వెనక సీటును గట్టిగా నొక్కి వదలాలి. సీటు ఒకసారి లేచి ఆగిపోతే మంచిది. పైకీ కిందికీ ఊగుతూ ఉంటే షాకబ్జరు పోయినట్టే.

కొత్త జత కొనే డబ్బు అందరి దగ్గరా ఉండదు. పాత సామాను కొట్టులో వాడిన జత తక్కువకు దొరుకుతుంది. వాడినది కొనడం తప్పు కాదు. చూడకుండా కొనడం తప్పు. ఆ అక్క ఇంట్లో కూడా వాడిన జతే కొన్నారు. కొట్టుకు ఆమె కూడా వెళ్లింది. చేతిలో టేపు పట్టుకెళ్లింది. ఆమె చూసినవి ఇవి:

ఒకటి, పొడవు. పై కన్నం నడుమ నుంచి కింది కన్నం నడుమ వరకు కొలవాలి. జతలో రెండూ సమానంగా ఉండాలి. మన పాతదానితో కూడా సమానంగా ఉండాలి. పొట్టిదైతే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. పొడుగుదైతే బండి వెనక లేచిపోయి స్టాండు సరిగా ఆనదు.

రెండు, రాడ్డు. నున్నగా మెరుస్తూ ఉండాలి. వంకర, తుప్పు గుంటలు ఉండకూడదు. తుప్పు గుంట సీలును కోసేస్తుంది.

మూడు, తడి. గొట్టం పొడిగా ఉండాలి. కొట్టువాడు అప్పుడే తుడిచి పెట్టాడేమో అడగండి. సీలు దగ్గర కొత్తగా రంగు పూసి ఉంటే అనుమానించండి.

నాలుగు, ఊపు. కింద చెక్క పెట్టి, షాకబ్జరును నిలబెట్టి, పైన బరువు వేసి నొక్కాలి. మెల్లగా లేవాలి. టక్కున ఎగిరితే వద్దు.

ఐదు, కన్నాల్లోని రబ్బరు బుష్‌లు. అవి పగిలి ఉండకూడదు.

ఒక్కటి మాత్రమే మార్చకండి. జతగా మార్చండి. ఒక పక్క గట్టిది, ఒక పక్క మెత్తది ఉంటే బండి పక్కకు లాగుతుంది.

కొందరు కుర్రాళ్లు "పెద్ద బండి షాకబ్జర్లు వేస్తే బాగుంటుంది" అంటారు. 2001లో వచ్చిన పల్సరు బళ్లలో తర్వాతి రకాలకు గ్యాసు డబ్బా ఉన్న షాకబ్జర్లు పెట్టారు. వాటిని చిన్న బళ్లకు తగిలిస్తుంటారు. కానీ బరువు బండి స్ప్రింగు తేలిక బండికి మరీ గట్టి అవుతుంది. కుదుపు తగ్గదు, పెరుగుతుంది. కంపెనీ చెప్పిన తీరుకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం కూడా చెబుతోంది. మన బండి రకానికి సరిపడేదే కొనండి. గ్యాసు డబ్బాను ఎప్పుడూ పొడవకండి, కాల్చకండి, విప్పకండి. లోపల గ్యాసు చాలా ఒత్తిడితో ఉంటుంది. స్ప్రింగును కూడా ఇంట్లో ఊడదీయకండి. ఎగిరి ముఖానికి కొడుతుంది.

బిగించడం ఇంటి దగ్గరే చెయ్యొచ్చు. పానాలు, తెలిసిన మనిషి ఉంటే చాలు. ముందు సైలెన్సరు చల్లారాలి. సమంగా ఉన్న నేల మీద సెంటరు స్టాండు వెయ్యాలి. ఒక పక్కది మార్చి, బిగించి, ఆ తర్వాతే రెండో పక్కది విప్పాలి. రెండూ ఒకేసారి విప్పితే చక్రం కిందికి జారుతుంది. నట్లు, వాషర్లు విప్పిన వరుసలోనే ఒక పళ్లెంలో పెట్టండి. అదే వరుసలో తిరిగి వెయ్యాలి. నట్లు ఎంత బిగించాలో మెకానిక్కుతో సరిచూపించండి. దగ్గర్లో ఒక చుట్టు తిరిగొచ్చి మళ్లీ ఒకసారి చూడండి. నట్టు వదులైతే ప్రాణం మీదికొస్తుంది.

ఇంకో సంగతి. స్ప్లెండరు ప్లస్ వంటి బళ్ల షాకబ్జర్లకు కింద ఐదు మెట్లు ఉంటాయి. మెట్టు పెంచితే స్ప్రింగు బిగుస్తుంది. ఒక్కరే వెళ్తే కింది మెట్టు, వెనక మనిషి కూర్చుంటే పై మెట్టు. రెండు పక్కలా ఒకే మెట్టులో ఉండాలి.

పని అయ్యాక చీర గార్డు మళ్లీ బిగించారో లేదో చూడండి. వెనక కూర్చునేవాళ్లకు పట్టుకునే పిడి, కాలు పెట్టే చోటు, చక్రంలో సగమైనా కప్పే గార్డు ఉండాలని 1989 మోటారు వాహనాల నియమాల్లో రాసి ఉంది. అందం చెడుతుందని దాన్ని తీసేస్తే ఒప్పుకోకండి. చీర కొంగు చక్రంలో చిక్కితే ఏమవుతుందో మీకు తెలుసు. ముందు, వెనక ఇద్దరూ హెల్మెట్టు పెట్టుకోవాలి.

కొట్టులో "నీకేం తెలుసమ్మా" అని ఎవరైనా అంటే వెనక్కి తగ్గకండి. టేపు మీద అంకె చదవడం మీకు వచ్చు. తడి ఉందో లేదో చేత్తో చూడడం వచ్చు. నచ్చకపోతే "ఇది వద్దు" అనడం కూడా రావాలి. వెనక కూర్చునేది మనం.

బండితో పాటు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. చాలా ఇళ్లల్లో అది బీరువాలో, కవరు కూడా విప్పకుండా ఉంటుంది. ఈ రోజు బయటికి తీయండి. రేపు తరగతికి వచ్చేటప్పుడు అందులోంచి రెండు అంకెలు రాసుకు రండి. ఒక్కరే వెళ్తే వెనక టైరులో గాలి ఎంత ఉండాలి? ఇద్దరు కూర్చుంటే ఎంత ఉండాలి?