పదమూడు ముక్కల ఆట

పండక్కి శృంగవరపుకోట అరుగుల మీద పేక పరిచారంటే పిల్లలూ చుట్టూ చేరతారు. వాళ్లకు రమ్మీ నేర్పాలంటే ముందు చెప్పాల్సింది ఒరిజినల్ గురించి. జోకరు సాయం లేకుండా ఒకే గుర్తులో వరసగా కనీసం మూడు ముక్కలు: ఇస్పేటు ఐదు, ఆరు, ఏడు లాగన్నమాట. అది పడకపోతే మిగతా చెయ్యి ఎంత బాగున్నా షో చెల్లదు. ఓడినప్పుడు చేతిలో మిగిలితే రాజు, రాణి, జాకీలకు పదేసి పాయింట్లు మీద పడతాయి. అందుకే వాటికి జత కుదరకపోతే ముందే దించెయ్యండి. ఎదుటివారు ఏది ఎత్తారో, ఏది పారేశారో గమనించండి. పడిన ముక్కల్ని గుర్తుంచుకోవాలి కనుకే ఇది ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. డబ్బులు పెట్టే ఆన్‌లైన్ రమ్మీని మాత్రం ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. పందెం లేకుండా, పాయింట్లు కాగితం మీద రాసుకుని ఆడండి.