పసిపిల్లలకు మరుగుదొడ్డి అలవాటు

ఈనాటి ప్రసంగంలో పసిపిల్లలకు మరుగుదొడ్డి అలవాటు చేయడం గురించి తెలుసుకుందాం. "ఇది అమ్మల పాఠం కదా, మాకెందుకు?" అని మీలో కొందరు అనుకోవచ్చు. ఇంట్లో తమ్ముడో చెల్లెలో చెడ్డీ తడుపుకున్నప్పుడు ముందుగా నవ్వేది సాధారణంగా అన్నలూ అక్కలే. అందుకే మీకు చెబుతున్నాను.

మూత్రాశయం నిండినప్పుడు దాని గోడలు సాగుతాయి. నెలల బిడ్డలో ఆ వెంటనే అది తనంత తానే ఖాళీ అవుతుంది, బిడ్డ ఆపుకోలేదు. మూత్ర, మల ద్వారాలను మూసి ఉంచే ఉంగరాల వంటి కండరాలు మన ఇష్టప్రకారం పనిచేయాలంటే, వాటికీ మెదడుకూ మధ్య నాడుల అనుసంధానం పరిపక్వం కావాలి. సాధారణంగా ఏడాదిన్నర దాటాక ఆ సూచనలు కనిపిస్తాయి. రెండు గంటలపాటు బట్ట తడవకుండా ఉండటం, మూలకు వెళ్ళి ముక్కడం, చెప్పిన చిన్న పని చేయడం అటువంటివి. అమెరికా వైద్యుడు బ్రేజల్టన్ 1962లో 1,170 మంది పిల్లల వివరాలు ప్రచురించారు. వారిలో పగటి అలవాటు పూర్తయిన సగటు వయసు 28 నెలలు దాటింది.

మరి మన అమ్మమ్మలు ఆర్నెల్ల బిడ్డనే చాచిన కాళ్ళ మీద కూర్చోబెట్టి "స్స్" అంటారు కదా? నిజమే. అయితే అక్కడ ఎక్కువగా నేర్చుకున్నది అమ్మమ్మే. బిడ్డ ఎప్పుడు పోస్తుందో ఆమె కనిపెట్టింది. అంతమాత్రాన అది వృథా కాదు. ఆ వేళ, ఆ శబ్దం బిడ్డకు పరిచయమవుతాయి.

ఇప్పుడు జంషెడ్‌పూర్‌లోని ఒక తెలుగు ఇంటిని ఊహించండి. ఉక్కు కర్మాగారం పనికి ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళిన కుటుంబాలు కద్మా, బిష్టుపూర్ వంటి పేటల్లో తరాలుగా ఉంటున్నాయి. నాన్న షిఫ్టు మారినప్పుడల్లా ఇంట్లో నిద్రలేచే వేళ మారుతుంది. నానమ్మ "దొడ్డికి వస్తోందా?" అంటుంది, పక్కింటి ఆంటీ హిందీలో మరో మాట అంటుంది. మాటలు కూడబలుక్కునే బిడ్డకు ఏది అంటే పెద్దలు పరుగెత్తుకొస్తారో తెలియాలి. ఏ భాషదైనా సరే, ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. వేళ కూడా అంతే. ఆహారం కడుపులో పడగానే పెద్దపేగులో కదలిక పెరుగుతుంది. కనుక షిఫ్టు ఏదైనా, ఉదయం పాలో టిఫినో అయిన కాసేపటికి బిడ్డను ఐదు నిమిషాలు కూర్చోబెడితే చాలు. రాకపోతే లేపేయాలి.

ఇక నవ్వడం, తిట్టడం విషయం. సిగ్గుపడిన బిడ్డ మలాన్ని బిగపట్టుకుంటుంది. నిలిచిన మలంలోని నీటిని పేగు పీల్చుకోవడంతో అది గట్టిపడుతుంది. మర్నాడు వెళ్తే నొప్పి. ఆ భయంతో మళ్ళీ బిగపడుతుంది. కొన్నాళ్ళకు గట్టి మలం పక్కనుంచి పలచటి మలం కారి బట్టలు పాడవుతాయి. ఇంట్లోవాళ్ళు విరేచనాలనుకుంటారు, లేదా పెంకితనమని కొడతారు. నిజానికి అది మలబద్ధకం. వైద్యునికి చూపించాలి.

పసిబిడ్డ మలం మైల కాదని కాగితంలో చుట్టి కాలువలో పారేసేవారు ఇంకా ఉన్నారు. ఇది నాకు మింగుడుపడని అలవాటు. రోటావైరస్ వంటి క్రిములు మలం ద్వారానే వ్యాపిస్తాయి. హైదరాబాదులో తయారైన రోటావాక్ టీకా 2016లో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో సార్వత్రిక టీకాల కార్యక్రమంలో చేరింది. అయితే టీకా ఒక్క క్రిమికే; విరేచనాలు కలిగించేవి మరెన్నో. మలాన్ని మరుగుదొడ్డిలోనే వేసి, బిడ్డ చేతులూ మన చేతులూ సబ్బుతో కడగాలి.

రాత్రి పక్క తడపడం వేరే సంగతి. పగటి పట్టు వచ్చాక కూడా అది నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. ఐదేళ్ళలోపు దానికి చికిత్స అక్కరలేదు. పడుకునే ముందు ఒకసారి తీసుకెళ్ళి, పరుపు మీద రబ్బరు షీటు వేస్తే సరిపోతుంది.